లా పాజ్, సుక్రే: బొలీవియా రాజధాని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బొలీవియా రాజధాని ఏది? సుక్రేనా, లా పాజా?

రాజ్యాంగం ప్రకారం సుక్రే. 2009 రాజ్యాంగంలోని 6వ అధికరణ ఆ ఒక్క పేరే చెబుతుంది. కానీ దేశాధ్యక్షుడు, మంత్రిత్వ శాఖలు, పార్లమెంటు, కేంద్ర బ్యాంకు, విదేశీ రాయబార కార్యాలయాల్లో ఎక్కువ భాగం ఉన్నది లా పాజ్‌లో. సుక్రేకి మిగిలింది న్యాయ వ్యవస్థ: సుప్రీం కోర్టు, రాజ్యాంగ న్యాయస్థానం, వ్యవసాయ పర్యావరణ న్యాయస్థానం అక్కడ పనిచేస్తాయి.

అక్కడి రాజ్యాంగం ప్రభుత్వాన్ని మూడుగా కాక నాలుగు అంగాలుగా విభజిస్తుంది. నాలుగోది ఎన్నికల వ్యవస్థ. దాని కేంద్ర కార్యాలయం కూడా లా పాజ్‌లోనే. అంటే నాలుగింట మూడు లా పాజ్‌వి, ఒకటి సుక్రేది.

పోటీ పరీక్షలో ఏది రాయాలి?

ప్రశ్నలో "రాజ్యాంగ రాజధాని", "న్యాయ రాజధాని" అని ఉంటే సుక్రే. "పరిపాలనా రాజధాని", "ప్రభుత్వ కేంద్రం" అని ఉంటే లా పాజ్. ఏ విశేషణమూ లేకుండా "బొలీవియా రాజధాని" అని అడిగి ఆప్షన్లలో రెండూ ఇస్తే ప్రశ్న సరిగా తయారు చేయలేదని అర్థం. అలాంటప్పుడు చట్టం వైపు నిలబడి సుక్రే పెట్టడమే మేలు. కీ తేడాగా వస్తే అభ్యంతరం చెప్పడానికి 6వ అధికరణ చేతిలో ఉంటుంది.

"ప్రపంచంలో అత్యంత ఎత్తైన రాజధాని" అనే ప్రశ్నలోనూ ఇదే చిక్కుంది. ప్రభుత్వ కేంద్రాన్ని లెక్కలోకి తీసుకుంటే దాదాపు 3,640 మీటర్లతో లా పాజ్‌కి పోటీయే లేదు. చట్టబద్ధ రాజధానులే లెక్క అంటే ఈక్వెడార్ రాజధాని కీటో (సుమారు 2,850 మీ.) ముందుంటుంది. సుక్రే (సుమారు 2,800 మీ.) కొద్దిలో వెనకబడుతుంది.

ఒక దేశానికి ఇలా రెండు నగరాలు ఎందుకు వచ్చాయి?

దీని మూలం వెండి, తగరం.

స్పెయిన్ పాలనలో సుక్రే పేరు లా ప్లాటా. పోటోసీ వెండి గనులకు దగ్గరలో, వాటికన్నా చాలా తక్కువ ఎత్తులో, ఆహ్లాదకరమైన వాతావరణంలో ఉండేది. గనుల డబ్బు ఉన్నవాళ్లు కాపురం ఉండేది ఇక్కడే. 1559లో చార్కాస్ ఆడియెన్సియా అనే ఉన్నత న్యాయస్థానం, 1624లో విశ్వవిద్యాలయం వచ్చాయి. 1825 ఆగస్టు 6న స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు జరిగిందీ ఇక్కడే. కాబట్టి కొత్త దేశానికి ఇది రాజధాని కావడంలో వింతేమీ లేదు. 1839లో చట్టం ఆ సంగతిని ఖరారు చేసి, స్వాతంత్ర్య సేనాని ఆంటోనియో హోసే దె సుక్రే పేరు ఊరికి పెట్టింది.

చట్టం అలా ఉన్నా, పందొమ్మిదో శతాబ్దమంతా ప్రభుత్వం ఒకచోట నిలవలేదు. అధ్యక్షుడు సైన్యంతో ఎక్కడుంటే పాలన అక్కడే.

శతాబ్దం చివరికి వెండి ధర పడిపోయింది, తగరానికి గిరాకీ పెరిగింది. తగరం గనులు ఒరూరో చుట్టూ ఉన్నాయి. పసిఫిక్ తీరంలోని ఆంటోఫగాస్టా నుంచి రైలు 1892లో ఒరూరో చేరింది. దాంతో డబ్బు, వ్యాపారం ఉత్తరాన ఉన్న లా పాజ్ వైపు మళ్లాయి. సుక్రేలో వెండి యజమానుల కన్సర్వేటివ్ పార్టీ, లా పాజ్‌లో లిబరల్ పార్టీ బలంగా ఉండేవి.

1898 నవంబరులో కన్సర్వేటివ్‌లు ప్రభుత్వం సుక్రేలోనే స్థిరంగా ఉండాలని చట్టం చేశారు. లా పాజ్ ప్రతినిధులు సభ విడిచి వెళ్లి, డిసెంబరులో తమ నగరంలో ప్రత్యామ్నాయ ప్రభుత్వం పెట్టారు. అధ్యక్షుడు సెవేరో ఫెర్నాండెజ్ అలోన్సో సైన్యంతో బయలుదేరాడు. లిబరల్ నాయకుడు హోసే మాన్యుయెల్ పాండో ఐమారా ఆదివాసీ రైతుల నాయకుడు పాబ్లో సారాతే విల్కాతో చేతులు కలిపాడు. 1899 ఏప్రిల్‌లో ఒరూరో ప్రాంతంలో జరిగిన పోరులో ప్రభుత్వ సైన్యం ఓడింది.

దీన్ని ఫెడరల్ యుద్ధం అంటారు, ఎందుకంటే లిబరల్‌లు సమాఖ్య వ్యవస్థ కోసమని జెండా ఎత్తారు. గెలిచాక ఆ మాటే మరిచారు. దేశం ఏకకేంద్రంగానే మిగిలింది, కేంద్రం మాత్రం సుక్రే నుంచి లా పాజ్‌కి మారింది. పాండో అధ్యక్షుడయ్యాడు, సారాతే విల్కాకి జైలు దక్కింది. రాజధాని అనే పేరునీ కోర్టులనీ సుక్రేకి వదిలేసి రాజీ కుదిర్చారు. ఆ ఏర్పాటే ఇప్పటిదాకా నడుస్తోంది.

మళ్లీ అంతా సుక్రేకి తేవాలని ఎవరూ అడగలేదా?

అడిగారు. 2006–07లో కొత్త రాజ్యాంగం రాయడానికి రాజ్యాంగ సభ సుక్రేలోనే కూర్చుంది. "పూర్తి రాజధాని" హోదా కావాలని ఆ నగరం పట్టుబట్టింది. జవాబుగా 2007 జులై 20న లా పాజ్‌ని ఆనుకుని ఉన్న ఎల్ ఆల్టో నగరంలో జనసంద్రం పోగైంది. "పీఠం కదలదు" అన్నది వారి నినాదం. సభ ఆ అంశాన్ని చర్చకే తీసుకోకపోవడంతో నవంబరులో సుక్రే వీధుల్లో ఘర్షణలు జరిగి ముగ్గురు చనిపోయారు. చివరికి కొత్త రాజ్యాంగం పాత రాజీనే కొనసాగించింది. 2009 ఫిబ్రవరి 7న దాన్ని అధికారికంగా ప్రకటించింది సుక్రేలో కాదు, ఎల్ ఆల్టోలో.

ఇది ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల ప్రతిపాదన లాంటిదేనా?

పైకి అలా కనిపిస్తుంది, పుట్టుక వేరు. 2020లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం విశాఖపట్నం, అమరావతి, కర్నూలు మధ్య అధికారాన్ని ముందుగానే పంచాలని చూసింది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని రద్దు చేశారు. బొలీవియాలో ఎవరూ ప్రణాళిక వేసి పంచలేదు. యుద్ధంలో గెలిచినవాళ్లు తీసుకున్నంత తీసుకున్నారు. సరైన పోలిక కావాలంటే 1953 ఆంధ్ర రాష్ట్రాన్ని చూడాలి. రాజధాని కర్నూలులో, హైకోర్టు గుంటూరులో. యుద్ధమేమీ లేకపోయినా అదీ ప్రాంతాల మధ్య రాజీయే.

ప్లాసా మురీయో అంటే ఏమిటి? వార్తల్లో ఎప్పుడూ అదే ఎందుకు?

లా పాజ్ నడిబొడ్డున ఉన్న కూడలి. అధ్యక్ష భవనం, పార్లమెంటు, కేథడ్రల్ దాని చుట్టూనే ఉన్నాయి. స్పెయిన్‌కి వ్యతిరేకంగా 1809 జులై 16న తిరుగుబాటు నడిపి, 1810 జనవరి 29న ఉరికంబం ఎక్కిన పెద్రో దొమింగో మురీయో పేరే దానిది. పాత అధ్యక్ష భవనాన్ని ఇప్పటికీ "కాలిన భవనం" అంటారు, 1875 తిరుగుబాటులో తగలబడింది కనుక. దాని వెనక 2018లో ఎత్తైన కొత్త కార్యాలయ భవనం తెరిచారు.

1946 జులై 21న అధ్యక్షుడు గ్వాల్బెర్తో విల్యరోయెల్‌ని జనం చంపి ఈ కూడలిలోనే దీపస్తంభానికి వేలాడదీశారు. 2024 జూన్ 26న జనరల్ హువాన్ హోసే సూనిగా బలగాలు సాయుధ వాహనంతో పాత భవనం తలుపు గుద్దాయి. కొన్ని గంటల్లోనే ఆ ప్రయత్నం వీగిపోయింది. పార్లమెంటు భవనం మీది గడియారాన్ని 2014లో ఎడమవైపు తిరిగేలా మార్చారు. దక్షిణార్ధగోళంలో ఎండ గడియారం నీడ అలాగే తిరుగుతుందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. టైము చూడాలంటే మీ ఫోనే చూసుకోండి.

నిరసనలు ఉన్న రోజు పోలీసులు కూడలికి వచ్చే వీధులన్నీ మూసేస్తారు. డైనమైట్ శబ్దాలు వినిపిస్తే అవి చాలాసార్లు గని కార్మికుల ఊరేగింపువి. వెనక్కి తిరిగి వేరే దారి చూసుకోవడమే పని.

పక్కనున్న ఎల్ ఆల్టోకి అంత బలం ఎక్కడిది?

ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే బొలీవియా రాజకీయం సగం అర్థమైనట్టే.

లా పాజ్ లోతైన మూకుడులాంటి లోయలో ఉంది. చోకెయాపు నది తవ్విన లోయ అది. నగరం నడిమధ్యలో ఆ నది ఇప్పుడు చాలావరకు రోడ్ల కింద పారుతోంది. అంచు మీద, దాదాపు 4,100 మీటర్ల ఎత్తున, చదునైన పీఠభూమిలో ఎల్ ఆల్టో ఉంది. ఒకప్పుడు లా పాజ్ శివారు. 1985లో వేరే మున్సిపాలిటీ అయింది. 2024 జనగణన నాటికి లా పాజ్‌లో సుమారు 7.5 లక్షలు, ఎల్ ఆల్టోలో సుమారు 8.8 లక్షల జనం. గ్రామాల నుంచి, మూతపడిన గనుల నుంచి వచ్చిన ఐమారా కుటుంబాలే ఎక్కువ.

విమానాశ్రయం అంచు మీదే. ఒరూరో వైపు, టిటికాకా సరస్సు వైపు వెళ్లే రోడ్లు అంచు మీది నుంచే. లా పాజ్‌కి పెట్రోలు, వంటగ్యాసు పంపే సెంకాటా డిపో కూడా అక్కడే. ఎల్ ఆల్టోలో కొన్ని కూడళ్లు మూస్తే చాలు, కింద ఉన్న ప్రభుత్వానికి కొద్ది రోజుల్లో ఇంధనం, తర్వాత కూరగాయలు, కోడిమాంసం ఆగిపోతాయి.

ఈ కిటుకు కొత్తది కాదు. 1781లో తుపాక్ కటారి, బార్తోలినా సిసా నాయకత్వంలో ఐమారా సేనలు ఈ అంచు మీద మకాం వేసి నగరాన్ని రెండు విడతలుగా నెలల తరబడి ముట్టడించాయి. ఆకలితో, రోగాలతో వేలమంది చనిపోయారు. 2003 అక్టోబరులో సహజవాయువు ఎగుమతి మీద చెలరేగిన ఉద్యమంలో ఎల్ ఆల్టో దారులు మూసింది. సైనిక కాపలాతో ఇంధన ట్యాంకర్లను కిందికి తేబోయినప్పుడు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో 60 మందికి పైగా మరణించారు. అక్టోబరు 17న అధ్యక్షుడు గొన్సాలో సాంచెజ్ దె లొసాదా రాజీనామా చేసి దేశం విడిచాడు. సుక్రే చేతిలో చట్టం ఉంది, లా పాజ్ చేతిలో కార్యాలయాలున్నాయి, తలుపు గడియ మాత్రం ఎల్ ఆల్టో దగ్గరుంది.

ప్రయాణికులకు: బస్సు టికెట్ కొనేముందు దేశ రహదారుల సంస్థ ఏబీసీ వెబ్‌సైటులో రోడ్ల స్థితి చూపే మ్యాపు చూడండి. దారి మూసిన చోట్లు అందులో గుర్తిస్తారు. బంద్ ప్రకటించిన రోజున విమానం ఉంటే ముందురోజు రాత్రే ఎల్ ఆల్టో చేరి పడుకోవడం మంచిది, మీ శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడి ఉంటేనే.

రోప్‌వేని సిటీ బస్సులా వాడతారట, నిజమేనా?

నిజమే. పేరు మి తెలెఫెరికో. మొదటిదైన ఎర్ర లైను 2014 మే 30న మొదలైంది, ఇప్పుడు పది లైన్లున్నాయి. నిర్మించింది ఆస్ట్రియా సంస్థ డోపెల్‌మేర్. ఒక్కో క్యాబిన్‌లో పదిమంది కూర్చుంటారు, సుమారు 12 సెకన్లకొకటి వస్తుంది. మూకుడు గోడల మీద మినీబస్సులు మెలికలు తిరుగుతూ అరగంటకు పైగా పాకే దూరాన్ని ఇది పది నిమిషాల్లో ఎక్కేస్తుంది. రోడ్ల దిగ్బంధం ఉన్నా తల మీదుగా వెళ్లిపోతుంది.

ఒక లైను నుంచి మరోదానికి మారేటప్పుడు కొత్త టికెట్ కాకుండా తగ్గింపు ధరతో బదిలీ తీసుకోవచ్చు, ఆ మాట కౌంటరులో ముందే చెప్పాలి. పిడుగులతో వాన పడితే క్యాబిన్లు ఆపేస్తారు. డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రాలు ఇది మామూలే, కాబట్టి విమానాశ్రయానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. నగరం మొత్తం చూడాలనుకుంటే ఆకుపచ్చ, పసుపు లైన్లు వరసగా ఎక్కండి. దక్షిణ భాగపు సంపన్న పేటల నుంచి ఎల్ ఆల్టో దాకా తీసుకెళతాయి. ఆకాశం తేటగా ఉంటే 6,400 మీటర్లకు పైబడిన ఇల్లిమాని శిఖరం కనిపిస్తుంది.

అంత ఎత్తులో శరీరానికి ఏమవుతుంది? ముందుజాగ్రత్త ఏమిటి?

గాలిలో ఆక్సిజన్ శాతం హైదరాబాద్‌లోనూ అక్కడా ఒకటే, 21. తగ్గేది పీడనం. లా పాజ్‌లో అది సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 65 శాతం. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకే తగ్గుతుంది.

చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. స్థానికంగా దీన్ని సొరోచె అంటారు. దిగగానే బాగానే ఉందని చాలామంది ఆ సాయంత్రమే కొండదారుల్లో తిరిగి, బీరు తాగి, రాత్రి రెండింటికి తల పట్టుకుంటారు. శారీరక దారుఢ్యం దీన్నుంచి కాపాడదు. జిమ్‌కి వెళ్లే పాతికేళ్ల కుర్రాడు పడిపోయి, పక్కన అరవై ఏళ్ల తండ్రి హాయిగా తిరగడం అరుదేమీ కాదు.

దారి ఇలా వేసుకోండి: ముందు సాంతా క్రూస్ (సుమారు 400 మీ.), తర్వాత సుక్రేలో రెండు రాత్రులు (2,800 మీ.), ఆ తర్వాత లా పాజ్. నేరుగా లా పాజ్‌కే వెళ్లక తప్పకపోతే కలకోటో వంటి దక్షిణ పేటల్లో గది తీసుకోండి. నగర కేంద్రం కన్నా మూడు నాలుగు వందల మీటర్లు కిందికి ఉంటాయి. మొదటి 48 గంటలు మద్యం, నిద్రమాత్రలు వద్దు. తేలికైన భోజనం, నెమ్మది నడక.

ఎసిటజోలమైడ్ మాత్ర డాక్టర్ని అడిగి వాడాలి. పెద్దవాళ్లకు నివారణకు మామూలుగా ఇచ్చేది 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందురోజు నుంచి, చేరాక మరో రెండు రోజులు. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం, సోడా చప్పగా అనిపించడం దీని దుష్ప్రభావాలు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ విషయం డాక్టరుకి తప్పక చెప్పాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు అనుమతి లేకుండా వెళ్లకూడదు.

కదలకుండా కూర్చున్నా ఆయాసం, తెరలు తెరలుగా దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. మాట తడబడటం, గీత మీద ఒక కాలి మడమకి మరో కాలి వేలు ఆనించి నడవలేకపోవడం మెదడు వాపు సూచనలు. ఇవి కనిపిస్తే ఆక్సిజన్ పెట్టించి వెంటనే కిందికి దించాలి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. యుంగాస్ లోయలోని కొరోయికో వెచ్చగా, చాలా కింద ఉంటుందని టాక్సీ ఎక్కుతారు. ఆ రోడ్డు ముందు 4,600 మీటర్లు దాటిన లా కుంబ్రె కనుమ ఎక్కి, ఆ తర్వాతే దిగుతుంది. విమానాశ్రయమూ 4,061 మీటర్ల మీద ఉంది. కాబట్టి ముందు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రోగి కుదుటపడ్డాక, ఆక్సిజన్ తోడుగా సాంతా క్రూస్ విమానం గురించి ఆలోచించాలి. పైకి ఎక్కకుండా దిగే దారి నది వెంట దక్షిణంగా మెకపాకా వైపు వెళ్లేది ఒక్కటే.

కోకా టీ తాగవచ్చా?

బొలీవియాలో కోకా ఆకు చట్టబద్ధం. హోటల్లో దిగగానే ఇస్తారు. వేడిగా, గొంతుకి హాయిగా ఉంటుంది. కొండజబ్బుకు మందనే నమ్మకానికి గట్టి వైద్య ఆధారం లేదు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. తాగిన తర్వాత డ్రగ్ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. టీ పొట్లమైనా సరే భారత్‌కు తెస్తే మాదకద్రవ్య చట్టం కింద నేరం.

అక్కడ అన్నం, పప్పు ఉడుకుతాయా?

నీళ్లు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు గంటలు పెట్టినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తప్పదు. కుక్కర్ వెయిటు బయటి పీడనానికి అదనంగా పీడనం చేరుస్తుంది కనుక, ఇంట్లో 121 డిగ్రీలకు చేరేది అక్కడ 115 దగ్గర ఆగుతుంది. రెండు మూడు విజిల్స్ అదనంగా రానివ్వండి. పప్పు ముందురాత్రి నానబెడితే ఇంకా సులువు.

విమానాలకు ఆ ఎత్తు అడ్డు కాదా?

పలచటి గాలిలో రెక్కలకు లిఫ్ట్, ఇంజిన్‌కు థ్రస్ట్ రెండూ తగ్గుతాయి. అందుకే రన్‌వే 4 కిలోమీటర్లు. నిండా ఇంధనంతో ఖండాంతరాలకు లేవడం కష్టం కనుక దూరప్రయాణ విమానాలు ఎక్కువగా సాంతా క్రూస్ నుంచి నడుస్తాయి. మీ టికెట్ కూడా బహుశా అక్కడ మారే ఉంటుంది.

ఫుట్‌బాల్ జట్లు లా పాజ్ అంటే ఎందుకు జంకుతాయి?

హెర్నాండో సిలెస్ స్టేడియం 3,600 మీటర్లు దాటిన ఎత్తున ఉంది. ఆటగాళ్లకు ఆయాసం ఒక్కటే కాదు, పలచటి గాలిలో బంతి వేగంగా, వంపు తక్కువగా వెళ్లి గోల్‌కీపర్ అంచనా తప్పిస్తుంది. 1993లో బ్రెజిల్ ప్రపంచకప్ అర్హత పోటీల చరిత్రలో తన మొదటి ఓటమి ఇక్కడే చూసింది. 2009 ఏప్రిల్ 1న మారడోనా కోచ్‌గా ఉన్న అర్జెంటీనా 6–1తో చిత్తయింది. 2007లో ఫిఫా ఎత్తైన మైదానాలను నిషేధించినా మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది. 2024 నుంచి బొలీవియా ఇంకా పైకి, ఎల్ ఆల్టోలోని మైదానానికి వెళ్లింది.

కొండ చరియలు, నీటి కొరత వంటి ప్రమాదాలు ఉన్నాయా?

ఉన్నాయి. లోయ గోడలు మెత్తని మట్టివి, లోపల నీటి ఊటలున్నాయి. 2011 ఫిబ్రవరిలో తూర్పు వాలు మీద కయపా పరిసరాల్లో కొండ మొత్తం జారి వందలాది ఇళ్లు కూలాయి. ముందే పగుళ్లు చూసి ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం తప్పింది. 2002 ఫిబ్రవరి 19 నాటి కుంభవృష్టిలో అలా తప్పలేదు, పదుల మంది కొట్టుకుపోయారు. 2016 నవంబరులో జలాశయాలు ఎండి పదుల సంఖ్యలో పేటలకు నీళ్లు ఆగాయి. దగ్గర్లోని చకల్టాయా హిమానీనదం 2009 నాటికే పూర్తిగా కరిగిపోయింది. అద్దె ఇల్లు చూసేవాళ్లు గోడల పగుళ్లు, పైకప్పు ట్యాంకు రెండూ చూసుకోవాలి.

దేశంలో అతిపెద్ద నగరం లా పాజేనా?

కాదు. సుమారు 16 లక్షల జనంతో సాంతా క్రూస్. సోయా, పశువులు, వ్యాపారం అంతా అటే. సుక్రే జనాభా మూడు లక్షలకు అటూ ఇటూ.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లు ముందుగా ఏం చూసుకోవాలి?

ఎల్లో ఫీవర్ టీకా. భారత ప్రభుత్వ జాబితాలో బొలీవియా ఉంది. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. లా పాజ్ ఎత్తులో ఆ జ్వరం తెచ్చే దోమ లేదన్న వాదన విమానాశ్రయంలో చెల్లదు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు, గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. పాస్‌పోర్టు తీసుకెళ్లండి. పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) మీద పాస్‌పోర్టు నంబరు, బ్యాచ్ నంబరు, ముద్ర ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి.

వీసా నిబంధనలు టికెట్ కొనే ముందే న్యూఢిల్లీలోని బొలీవియా రాయబార కార్యాలయంలో కనుక్కోండి. డాలర్లు చిరుగు, మడత, సిరా గుర్తు లేని నోట్లే పట్టుకెళ్లండి, మిగతావి వెనక్కి ఇచ్చేస్తారు. అక్కడి టైము మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం తేటగా ఉంటుంది కానీ జూన్, జులై రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది, చాలా గదుల్లో హీటర్ ఉండదు. మంత్రిత్వ శాఖ ముద్ర లేదా రాయబార కార్యాలయం పని ఉంటే లా పాజ్‌కి, సుప్రీం కోర్టు పని ఉంటే సుక్రేకి టికెట్ తీసుకోండి. రెండూ ఉంటే సుక్రే పని ముందు పెట్టుకోండి, ఎత్తుకి అలవాటు పడటమూ అక్కడే జరిగిపోతుంది.